అవ్వ వేలిముద్ర – గ్రామసభ లెక్క

మా ఊరు ఆంధ్ర సరిహద్దుకు దగ్గర. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పోయినేడు గ్రామసభ జరిగిన మర్నాడు మా అవ్వ, "నేనూ సభకు పోయినట్టే లెక్కంట" అంది. ఎవరో రిజిస్టరు తెచ్చి, ఇంటి అరుగు మీదే వేలిముద్ర వేయించుకున్నారు. దేనికవ్వా అంటే, "ఆడోళ్లు తక్కువ పడినారంట" అంది.

తక్కువ పడడం ఏమిటని నేను చట్టం వెతికినా. 1993 నాటి కర్ణాటక పంచాయతీ రాజ్ చట్టం అది. ఇప్పుడు దాని పేరు ముందు 'గ్రామ స్వరాజ్' అని కూడా చేరింది. గ్రామసభ అంటే గెలిచిన మెంబర్ల మీటింగు కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ దానిలో సభ్యులే. అంటే పద్దెనిమిదేండ్లు నిండి ఓటు వచ్చిన మనం కూడా. ముందు వార్డు సభ, తర్వాత గ్రామసభ, రెండూ ఆరు నెలలకొకసారైనా జరగాలి. (తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకొకసారి అంటుంది. చదివి కొంచెం కుళ్లుకున్నా.)

ఇక కోరం. ఓటర్లలో పదో వంతు, లేదా 100 మంది, ఏది తక్కువైతే అంత మంది గ్రామసభకు రావాలి. వీలైనంత వరకు ఒక్కో వార్డు నుంచి పదిమందైనా ఉండాలి. వచ్చినవాళ్లలో నూటికి ముప్ఫై మంది ఆడవాళ్లు కావాలి. అవ్వ వేలిముద్ర అవసరమైంది ఈ ముప్ఫై కోసమే! ఇండ్లు ఎవరికి రావాలి, ఉపాధి హామీలో ఏ పని చేయాలి అనే మాటలు నడిచేది ఆ సభలోనే. అవ్వ లేకుండానే అవ్వ ఒప్పుకున్నట్టు రాసుకున్నారన్నమాట.

పోకపోవడానికి అవ్వకు ఒక కారణముంది: "ఆ కన్నడం నాకు తెల్దు." 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి, బళ్లారి మైసూరులో కలిసింది. మా ఇంట్లో మాట మాత్రం మారలేదు. సభ నడవళి కన్నడంలో రాస్తారు, అది న్యాయమే. అయితే దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. ఈ సంగతి మన వాళ్లలో చానామందికి తెలీదు.

ఈసారి సభకు అవ్వను నేనే పిలుచుకొని పోయినా. మా వీధి కొళాయి గురించి అవ్వ తెలుగులోనే అడిగింది, నేను కన్నడంలో చెప్పినా. పీడీఓ గారు సరే అన్నారు. "సరే కాదు సార్, పుస్తకంలో రాయండి" అన్నా. గొంతు వణికింది. రాసినారు.

కొళాయి ఇంకా రాలేదు. ఆ పొద్దు రిజిస్టరు మా దగ్గరికి వచ్చినప్పుడు అవ్వ వెంటనే వేలు పెట్టలేదు. "ముందు దీంట్లో ఏం రాసినారో చదువు పాపా" అంది.