తామరా? కలువా? మార్కు అక్కడే జారిపోతోంది!

బీఎస్సీ బోటనీ చదువుతున్నారా? అయితే ‘ఆ డిగ్రీతో ఏం ఉద్యోగం వస్తుంది?’ అన్న ప్రశ్న మీకు కొత్తేమీ కాదు. ఇంట్లో, బస్సులో, పెళ్లి పందిట్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఓ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పండి. తామర, కలువ దగ్గరి చుట్టాలా, కాదా?

‘రెండూ చెరువులోనే ఉంటాయి, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి, చుట్టాలే’ అనేశారా? మీ నోట్సులోనూ అలాగే ఉందా? ఉండొచ్చు. డిగ్రీ క్లాసుల్లో ఇప్పటికీ ఎక్కువగా చెప్పే బెంథామ్-హుకర్ వర్గీకరణలో రెండూ నింఫియేసీ కుటుంబంలోనే ఉన్నాయి. ఆ గ్రంథం 1862-1883 మధ్య వచ్చింది. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1915 నుంచి భాగాలుగా వెలువడిన గాంబుల్ ఫ్లోరా కూడా అదే దారిలో నడిచింది. 1998లో ఏపీజీ వర్గీకరణ వచ్చాక కథ మారింది. జన్యువులను పోల్చి చూస్తే తామరకు కలువతో దగ్గరి సంబంధమే లేదని తేలింది. తామర (నెలంబో న్యూసిఫెరా) వెళ్లి ప్రోటియేలిస్ క్రమంలో చేరింది. అక్కడ దానికి చుట్టం ఎవరో తెలుసా? అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్టు! కలువేమో పూల మొక్కల వంశవృక్షంలో మొదట్లోనే విడిపోయిన పాత కొమ్మ. ఒకే రకం చోట బతకడం వల్ల రెండూ ఒకే రూపానికి వచ్చాయి. పరీక్షల భాషలో చెప్పాలంటే ఇది కన్వర్జెంట్ ఎవల్యూషన్.

అందుకే ప్రశ్నలో ‘బెంథామ్-హుకర్ ప్రకారం’ అని ఉందా, ‘ఏపీజీ ప్రకారం’ అని ఉందా అన్నది ముందు చూసుకోండి. జవాబు దాన్నిబట్టి మారిపోతుంది. చాలామంది తెలియక కాదు, ఆ ఒక్క మాట చదవక మార్కు పోగొట్టుకుంటారు.

మైపాడు రోడ్డే క్లాస్‌రూమ్

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లుంటారు? ఈసారి వెళ్లేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి రోడ్డు పక్కన చూడండి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ వరి మళ్లు తగ్గి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఇక్కడి బకింగ్‌హామ్ కాలువ నీళ్లలోనూ ఉప్పు కలుస్తుంది. అక్కడ తామర కోసం వెతకడం దండగ, ఉప్పు దానికి పడదు. దక్షిణాన ఉన్న పులికాట్ సరస్సులోనూ అంతే. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే కాబట్టి అక్కడ ఫ్లెమింగోలు కనిపిస్తాయి గానీ తామరలు కాదు. తామర కావాలంటే తీరం వదిలి పడమటి వైపు మంచినీటి చెరువులకు రావాల్సిందే. ఒక మొక్క ఉండటం, లేకపోవడమే నీటి గురించి ఇంత చెబుతుంది. పోర్టులకూ పరిశ్రమలకూ పర్యావరణ అనుమతుల కోసం తయారయ్యే నివేదికల్లో ఎకాలజీ నిపుణులు చేసే పనిలో పెద్ద భాగం ఇలాంటి చూపే.

చెరువు దగ్గర ముందు ఆకు చూడండి. కలువాకు నీటి మీద పరుచుకుని ఉంటుంది, అంచు నుంచి కాడ దాకా ఓ చీలిక ఉంటుంది. తామరాకు గుండ్రం, చీలిక ఉండదు, కాడ సరిగ్గా మధ్యలో అతుక్కుని ఉంటుంది. లేత ఆకులు నీటి మీద తేలినా ముదిరినవి గొడుగుల్లా పైకి లేస్తాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే పువ్వు లేని రోజు కూడా మీరు పొరబడరు.

తామరాకు మీద నీటిబొట్టు అన్న మాట మనకు వాడుకలో ఉన్నదే. దాని వెనకున్న కథ మాత్రం జర్మనీలో బయటపడింది. బాన్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్త్‌లాట్ మొక్కల వర్గీకరణ కోసం ఆకులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసేవారు. నున్నటి ఆకులను ముందు కడగాల్సి వచ్చేది. గరుకు ఉపరితలం ఉన్నవి మాత్రం ఎప్పుడూ శుభ్రంగానే ఉండేవి. తామరాకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద మైనపు నలుసులు ఉంటాయి. నీటిబొట్టు వాటి కొనల మీదే నిలబడి, దొర్లిపోతూ దుమ్మును కూడా పట్టుకెళ్తుంది. 1997లో ఈ పరిశోధన వెలువడింది, తర్వాత గోడల రంగుల కంపెనీల దాకా వెళ్లింది. కుటుంబాలూ ప్రజాతులూ అంటూ అందరూ బోర్ కొట్టే సబ్జెక్టు అనుకునే టాక్సానమీలోంచే ఇది పుట్టింది, గమనించండి.

ఇప్పుడు కాడ విరవండి. సన్నని దారాలు సాగుతాయి. అవి నీటిని మోసే నాళాల గోడల్లో స్ప్రింగులా చుట్టుకుని ఉన్న భాగాలు. మయన్మార్‌లోని ఇన్లే సరస్సు దగ్గర వీటితోనే బట్ట నేస్తారు. కాడను అడ్డంగా కోస్తే గాలి గొట్టాలు కనిపిస్తాయి. ఒక కొన నీటిలో ముంచి రెండో కొన నుంచి ఊదితే బుడగలొస్తాయి. బురదలో ఆక్సిజన్ ఉండదు కదా, దుంపకు గాలి ఆకు నుంచి ఈ దారిలోనే వెళ్తుంది.

పువ్వు సంగతి ఇంకా విచిత్రం. బయట 10 డిగ్రీల చలి ఉన్నా తామర పువ్వు లోపల 30-36 డిగ్రీల వేడిని నిలుపుకోగలదని ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కొలిచి, 1996లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. పరాగ సంపర్కం చేసే పురుగులకు ఆ వెచ్చదనం తాయిలం లాంటిది. గింజ మరీ మొండిది. చైనాలో ఎండిపోయిన ఓ సరస్సు అడుగున దొరికిన సుమారు 1,300 ఏళ్ల నాటి గింజ మొలకెత్తిందని 1995లో అమెరికా శాస్త్రవేత్తలు చెప్పారు. మీరూ ప్రయత్నించవచ్చు. ఎండిన గింజను రాతి మీద కాస్త అరగదీసి నీళ్లలో వేయండి, కొద్ది రోజుల్లోనే మొలక వస్తుంది. అరగదీయకపోతే ఆ గట్టి పెంకులోకి నీరు దిగదు.

ఇక్కడే ఇంకో ఉచ్చు. సూపర్ మార్కెట్లో దొరికే ఫూల్ మఖానాను మనవాళ్లు ‘తామర గింజలు’ అంటారు. కాదు! అది యూరియేల్ ఫెరాక్స్ అనే ముళ్ల మొక్క గింజ, కలువ కుటుంబానికి చెందింది. బిహార్ ‘మిథిలా మఖానా’కు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, 2025 కేంద్ర బడ్జెట్‌లో మఖానా బోర్డు ప్రకటించారు. కరెంట్ అఫైర్స్‌లో ఇది ఎటు నుంచైనా రావచ్చు. అలాగే లఖ్‌నవూలోని సీఎస్‌ఐఆర్-ఎన్‌బీఆర్‌ఐ 2023లో విడుదల చేసిన 108 రేకుల తామర రకం ‘నమో 108’ కూడా.

మరి ఉద్యోగం?

మొదటి ప్రశ్నకు వద్దాం. డిగ్రీ బోటనీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయొచ్చు. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. మెయిన్స్‌లో బోటనీ ఒక ఆప్షనల్‌గా తీసుకోవచ్చు, వర్గీకరణ పద్ధతుల పోలిక అందులో భాగమే. ఇంటర్వ్యూకి 300 మార్కులు. బోటనీ అభ్యర్థిని మీ ఊరి చెరువులో ఏం మొక్కలున్నాయని అడిగితే ఆశ్చర్యం లేదు. మూడో ఏడాదిలోనే గేట్ రాయొచ్చు. ఎక్స్‌ఎల్ పేపర్లో బోటనీ ఒక విభాగం, ఎకాలజీ-ఎవల్యూషన్‌కు వేరే పేపర్ ఉంది. ఎంఎస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. పోటీ గట్టిదే, తేలిగ్గా వస్తుందని చెప్పను. కోచింగ్ మెటీరియల్ అందరి దగ్గరా ఒకటే ఉంటుంది. చెరువు గట్టు మీద రాసుకున్న నోట్సు మాత్రం మీ ఒక్కరిదే.

ఒక జాగ్రత్త. ఆకు కోసం చెరువులోకి దిగకండి. ఈత వచ్చినా సరే, తామర కాడల్లో, బురదలో కాళ్లు ఇరుక్కుంటాయి. పూలు కోసేవాళ్లు ఉదయాన్నే వస్తారు. గట్టు మీద నిలబడి ‘అన్నా, ఒక ఆకు ఇస్తావా, కాలేజీకి కావాలి’ అని అడగండి, కాడతో సహా ఇస్తారు. ఇంటికెళ్లేలోపు వాడిపోతుంది కాబట్టి ఫొటోలు, కొలతలు అక్కడే తీసుకోండి.