వార్తల్లో పదం: షేర్డ్ రెస్పాన్సిబిలిటీ

క్లౌడ్‌లో డేటా పోయిందన్న వార్త వెంటే తరచూ వినపడే మాట ఇది. తెలుగులో ఉమ్మడి బాధ్యత అనుకోవచ్చు: భద్రతలో కొంత వంతు క్లౌడ్ కంపెనీది, కొంత వాడుకునే మనది. అద్దె ఇంటి లెక్కే: గోడలు, పైకప్పు ఓనరు చూసుకుంటాడు, తాళం వేసుకోవాల్సింది అద్దెకున్నవాళ్లు.

ఎవరి వంతు ఎంతన్నది తీసుకున్న సేవను బట్టి మారుతుంది. ఐఏఏఎస్ (ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ ఎ సర్వీస్)లో సర్వర్ల లాంటి మౌలిక వనరులు మాత్రమే అద్దెకిస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్ సెట్టింగులు మనవే. పీఏఏఎస్ (ప్లాట్‌ఫామ్ యాజ్ ఎ సర్వీస్)లో ఆ సిస్టమ్ కూడా వాళ్లదే, మన కోడ్‌లోని లోపాలు మనవి. ఎస్ఏఏఎస్ (సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్)లో సాఫ్ట్‌వేర్ మొత్తం వాళ్లదే. ఇక మనకేం పని అనిపిస్తుంది గానీ, పాస్‌వర్డ్‌లూ అనుమతులూ అప్పుడూ మన నెత్తినే. 2024లో స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా సంస్థ ఖాతాదారుల డేటా పోయింది అక్కడే: ఓటీపీ లాంటి రెండో తాళం లేని ఖాతాల్లోకి దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో దూరారు.

ఈ సందర్భంలో ఎక్కువగా చెప్పుకునేది 2019 నాటి క్యాపిటల్ వన్ కేసు. ఈ అమెరికా బ్యాంకు డేటా అమెజాన్ క్లౌడ్‌లో ఉండేది. ఫైర్‌వాల్‌ను సరిగ్గా అమర్చలేదు, పైగా దానికి అక్కర్లేనన్ని అనుమతులిచ్చారు. కాపలాదారు చేతికే బీరువా తాళాలిచ్చినట్టు! చొరబడ్డ వ్యక్తి ఆ అనుమతులతోనే అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు తోడేసింది. 2020లో నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కట్టింది బ్యాంకే.