రెప్ప వాలింది, మనిషి పోలేదు

సూళ్లూరుపేట పక్కనే పొలిరెడ్డిపాలెం రైల్వేస్టేషన్. ఒకప్పుడు అక్కడి స్టేషన్ మాస్టరు నరసయ్యకు కబురందితే చాలు, ఆయన మంత్రానికి ఎంత దూరంలో ఉన్నవాళ్లకైనా పాము విషం దిగిపోతుందని జనం నమ్మేవారు. ఆయన్ను తప్పుపట్టను. కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషప్పాము కూడా ఒక్కోసారి ఉత్త కాటు వేసి వదిలేస్తుంది. అలా బతికినవాళ్లందరి లెక్కా మంత్రం ఖాతాలో పడింది.

కట్లపాము దగ్గర ఆ లెక్క తప్పుతుంది. చాప పరుచుకుని నేలమీద పడుకున్నవాళ్లను అర్ధరాత్రి కరుస్తుంది. కోరలు చిన్నవి, గాటు కనపడదు, మంట ఉండదు. చీమేదో కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. ఇంతలో రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది, మాట ముద్దవుతుంది, మెడ నిలవదు. ఆ తర్వాత ఊపిరి. ఈ విషం రక్తం జోలికి పోదు కాబట్టి, రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షలో ఏ తేడా కనపడదు. అది చూసి ఇంటికి పంపేస్తే అంతే.

నాగుపాము విషం నరం నుంచి వచ్చే ఆజ్ఞ కండరానికి చేరకుండా బయట గొళ్లెం పెడుతుంది. విరుగుడు మందుతో పాటు నియోస్టిగ్మిన్ ఇస్తే ఆ గొళ్లెం చాలాసార్లు ఊడుతుంది. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది. కొస మళ్లీ మొలవాలి. ఎన్ని సీసాలు ఎక్కించినా మందు దాన్ని మొలిపించలేదు. రోజులు, ఒక్కోసారి వారాలు, వెంటిలేటర్ ఊపిరి అందిస్తుంటే అదే మొలుస్తుంది. సమయానికి ఊపిరి అందినవాళ్లలో చాలామంది లేచి నడిచి ఇంటికెళ్తారు.

అసలు భయం ఇక్కడే. కదలిక లేదు, కంటిపాప వెలుతురుకు చలించదు, చూసినవాళ్లు ప్రాణం పోయిందనుకుంటారు. లోపల మాత్రం స్పృహ ఉండొచ్చు, పక్కన ఏడుస్తున్నవాళ్ల మాటలు వినపడుతుండొచ్చు. కట్లపాము కాటు అనుమానం ఉన్నంతవరకూ ‘బ్రెయిన్ డెడ్’ అనే మాట ఎత్తకూడదు.

రక్తపింజరిది మరో దారి. రక్తాన్ని విరిచేసి మెదడులో రక్తస్రావం, పక్షవాతం తెస్తుంది. పీయూష గ్రంథి దెబ్బతిన్నవాళ్లు నెలల తర్వాత ఎడతెగని నీరసంతో డాక్టరు దగ్గరికి వస్తారు. ఆ పాత కాటు సంగతి ఎవరూ అడగరు.

దేశంలో పాముకాటుకు ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. పులికాట్ సరస్సు మధ్య ఉన్న ఇరకం దీవిలో ఎవరినైనా పాము కరిస్తే ముందు పడవ దొరకాలి, ఆపైన తడ, సూళ్లూరుపేట. అక్కణ్నుంచి తిరుపతి అయినా చెన్నై అయినా ఎనభై కిలోమీటర్లు అటూఇటూ. దారిలో ఊపిరి ఆగితే నిలబెట్టేది అంబు బ్యాగూ, దాన్ని నొక్కడం తెలిసిన మనిషీ. ఆ సంచి పెద్ద ఖరీదేమీ కాదు.

విరుగుడు మందు తయారీకి కావాల్సిన విషంలో చాలాభాగం మహాబలిపురం దగ్గర పాములు పట్టే ఇరుళర్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే వస్తోంది. అదీ నాలుగు పాములకే: నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. వలలో చేపలతో పాటు పైకొచ్చే సముద్రపు పాము అందులో లేదు. అది కరిస్తే ఒళ్లంతా కండరాలు నొప్పి పుట్టి బిగుసుకుంటాయి, మూత్రం నల్లబడుతుంది. అప్పుడు ఆస్పత్రిలో ఆధారం వెంటిలేటరూ, డయాలసిస్సూ.