ఉస్మానియా ఆవరణలో ఒక జాతీయత పాఠం

నాలుగేళ్ల కిందటి మాట. ఎనిమిదో తరగతిలో 1857 తిరుగుబాటు పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "సార్, ఇందులో మనోళ్లు ఎవరు సార్?" అని అడిగాడు. తరగతంతా గొల్లుమంది. వాడు మాత్రం నవ్వలేదు. మన సొసైటీ ఇచ్చే ఉపకార వేతనంతో చదువుకుంటున్న పిల్లవాడు, తండ్రి ఆటో నడుపుతాడు. "అందరూ మనోళ్లేరా, కూర్చో" అని ముందుకు పోయాను. సిలబస్ పూర్తి చేయాలన్న తొందర నాది. ఇంటికి వచ్చి చాయ్ తాగుతుంటే తోచింది, నేను చెప్పింది జవాబు కాదు, నోరు మూయించడం అని.

మర్నాడు వాణ్ణి పిలిచి కోఠీ కథ చెప్పాను. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్ ప్రాణాలు పోగొట్టుకున్నాడు, మౌల్వీని అండమాన్ పంపారు. వాడి మొహం వెలిగింది. "అయితే మనోళ్లు ఉన్నారు సార్!" అన్నాడు. నాకు కూడా సంతోషమైంది కానీ, లోపల ఏదో గుచ్చుకుంది. ఎందుకంటే అదే రోజు రెసిడెన్సీని కాపాడటానికి బ్రిటిష్ వారి పక్కన నిలబడింది నిజాం ప్రభుత్వం, దివాన్ సాలార్ జంగ్. పేర్లు చూసి "మనోళ్లు" అని విడదీస్తే ఆ రోజు కథే అర్థం కాదు. ముస్లిం పేర్ల జాబితా చదివి పిల్లల్ని సంతోషపెట్టడం తేలిక. పెళ్లికి మేమూ వచ్చాం అని హాజరు వేయించుకున్నట్టు ఉంటుంది అది. పిల్లవాడికి కావలసింది అతిథి హాజరు కాదు, ఇంటివాడినన్న ధీమా.

అసలు జాతీయత అంటే ఏమిటి? మాటే చాలా జారుడు మాట. తెలుగులో కులాన్నీ జాతి అంటాం, పశువుల్లో రకాన్నీ జాతి అంటాం, దేశ ప్రజలందరినీ కలిపీ జాతి అంటాం. ఉర్దూలో ఖౌమ్ అనే మాటకూ ఇదే కష్టం. ఒకరు ఖౌమ్ అంటే మతస్థులందరూ, ఇంకొకరు అంటే దేశస్థులందరూ. గత శతాబ్దంలో ఎన్నో వాదాలు ఈ ఒక్క మాట చుట్టూ తిరిగాయి. 1882లో పారిస్‌లో ఎర్నెస్ట్ రెనాన్ అనే ఫ్రెంచి పండితుడు దీని మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బీఎడ్ చదివే రోజుల్లో మొదటిసారి దాని గురించి విన్నాను. ఒకే భాష, ఒకే మతం, ఒకే రక్తం ఉన్నంత మాత్రాన జాతి కాదంటాడు ఆయన. కలిసి దాచుకున్న జ్ఞాపకాలు, ఇక ముందు కూడా కలిసే బతకాలన్న ఇష్టం, ఈ రెండూ ఉంటేనే జాతి. కొన్ని సంగతులు అందరూ కలిసి మరిచిపోవడం కూడా అవసరమే అన్నాడు. పాఠాలు చెప్పుకునే నాకు ఆ చివరి మాట దగ్గరే పేచీ. ఎవరి సంగతులు మరిచిపోవాలో నిర్ణయించేది ఎవరు? మా అబ్బాయి అడిగింది కూడా అదే.

అప్పటి నుంచి ప్రతి ఏటా కొందరు పిల్లల్ని వెంటబెట్టుకుని తార్నాక చౌరస్తా నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా నడుస్తున్నాను. అరగంట నడక. జ్ఞాపకాలు ఒకదాని మీద ఒకటి ఇన్ని పేర్చి ఉన్న చోటు మా దగ్గర్లో ఇంకోటి లేదు.

తార్నాక పేరుతోనే మొదలుపెడతాం. ఒకప్పుడు ఇక్కడ తోటలకు తీగ కంచె, దాని దగ్గర ఒక నాకా ఉండేవని, తార్, నాకా కలిసి తార్నాక అయిందని పెద్దలు చెబుతారు. రెండూ ఉర్దూ మాటలే, ఈ రోజు ఏ తెలుగువాడికీ అవి పరాయి మాటల్లా వినిపించవు. ఆ పక్కనే రైల్వే స్టేషను పేరు జామై ఉస్మానియా. జామియా అంటే విశ్వవిద్యాలయం. రోజూ ఎంఎంటీఎస్ ఎక్కేవాళ్లలో ఎంతమందికి ఆ మాట అర్థం తెలుసో గానీ, విశ్వవిద్యాలయం పాత పేరును ఆ బోర్డు కాపాడుతూనే ఉంది.

ఆ పాత పేరు వెనక పెద్ద సాహసం ఉంది. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పినప్పుడు దేశంలో పై చదువులన్నీ ఇంగ్లీషులోనే. అక్బర్ హైదరీ వంటి వారి ఆలోచనతో ఇక్కడ బోధన ఉర్దూలో పెట్టారు, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య మొత్తం చెప్పడం దేశంలో అదే మొదలు. పుస్తకాలు లేవు కాబట్టి ముందుగా దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టి, దాన్ని మౌల్వీ అబ్దుల్ హఖ్ చేతికిచ్చారు. గణితం, వైద్యం, న్యాయశాస్త్రం, చరిత్ర అన్నిటికీ పరిభాష తయారైంది. విద్యాశాఖ డైరెక్టరు రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్లి, ఆ దేశం సొంత భాషలో ఆధునిక చదువు ఎలా చెబుతోందో చూసి వచ్చి పుస్తకం రాశారు. పరాయి పాలనలో ఉన్న దేశంలో, మన భాషలో సైన్సు చెప్పుకోగలం అని నిరూపించడం చిన్న సంగతి కాదు. జాతీయత అంటే జెండాలూ నినాదాలే అనుకునే పిల్లలకు ఇది చెబితే ఆశ్చర్యపోతారు. మా అబ్బా ఇక్కడ ఉర్దూలో చదివిన చివరి తరం వారు. నాకు లెక్కలు చెప్పేటప్పుడు త్రిభుజాన్ని ముసల్లస్ అనేవారు. నేను బడిలో అదే మాట అంటే మాస్టారు, "అదేం మిఠాయిరా?" అన్నారు.

అయితే ఇక్కడే ఆగిపోతే సగం చరిత్ర చెప్పినట్టు. నిజాం రాజ్యంలో దాదాపు సగం మందికి మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారూ లక్షల్లో ఉన్నారు. ఉర్దూ మాతృభాష అయినవారు ఇంచుమించు పదో వంతు. ఇంగ్లీషు నుంచి విముక్తి అని కొందరు సంబరపడిన ఉర్దూ, పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఇంకో పరాయి భాష. సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలోనే చదువుకుని, తర్వాత తెలుగులో కవి అయి, 1988లో జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన గజళ్లు తెలుగులో రాశారంటే ఆ ఉర్దూ చదువు వృథా పోలేదు. కానీ అందరూ ఆయనలా ఆ గోడ దాటలేకపోయారు. ఈ సంగతి మన పిల్లలకు దాచకుండా చెప్పాలని నా పట్టుదల. మన పెద్దల ఘనతను చెప్పేటప్పుడు, ఆ ఘనత ఎవరికి అందలేదో కూడా చెబితేనే పక్క బెంచీ పిల్లవాడు మన మాట నమ్ముతాడు.

తమాషా ఏమిటంటే, అదే ఉర్దూ విశ్వవిద్యాలయంలో తొలినాళ్ల నుంచి తెలుగు శాఖను నడిపించినవారు రాయప్రోలు సుబ్బారావు. ఏ దేశం వెళ్లినా మాతృదేశాన్ని పొగడమని తెలుగు పిల్లలకు నేర్పే ఆ ప్రసిద్ధ గేయం రాసిన కవి ఆయనే. తెలుగువారి దేశభక్తి పాటకూ నిజాం పెట్టిన విశ్వవిద్యాలయానికీ ఈ చుట్టరికం ఉందని మా ఉపాధ్యాయుల్లోనే చాలామందికి తెలియదు.

ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చోబెట్టి భవనాన్ని చూడమంటాను. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం. నమూనా గీసినవాడు ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి. రాయి ఇక్కడి గ్రానైటు. ఎత్తైన కమాను చూసి పిల్లలు "మసీదులా ఉంది" అంటారు. లోపలి స్తంభాల దగ్గరికి తీసుకెళితే "గుడిలా ఉంది" అంటారు. రెండూ నిజమే. ఏ రాయి ఎవరిదో విడదీయబోతే కప్పు కూలుతుంది.

ఆ భవనం కట్టడం పూర్తి కావస్తున్న రోజుల్లోనే, 1938 చివర్లో, హాస్టల్లో హిందూ విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. సమ్మె జరిగింది, కొన్ని వందల మంది బయటికి పోవాల్సి వచ్చింది. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వెళ్లిన ఒక కుర్రవాడు తర్వాత దేశ ప్రధాని అయ్యాడు, పి.వి. నరసింహారావు. ఈ పాఠం మన పిల్లలకు చెప్పేటప్పుడు గొంతు కాస్త తడబడుతుంది, నిజమే. ఆ పాటలోని కొన్ని చరణాల మీద ముస్లింలకు అభ్యంతరం ఉండేది. 1937లో కాంగ్రెస్ కార్యవర్గం ఆ అభ్యంతరాన్ని మన్నించి మొదటి రెండు చరణాలే సభల్లో పాడాలని నిర్ణయించింది. రెండు పక్కల బాధనూ ఒకే గంటలో చెప్పడం కష్టం, కానీ చెప్పవచ్చు. పాట పాడినందుకు చదువు పోగొట్టుకున్న విద్యార్థి బాధ మన పిల్లలకు అర్థం కావాలి. ఆ పాటకు అభ్యంతరం చెప్పినవాడు దేశద్రోహి కాడని ఇతర పిల్లలకు అర్థం కావాలి.

మఖ్దూమ్ మొహియుద్దీన్ ఈ విశ్వవిద్యాలయంలో ఎంఏ చదివాడు. ఉర్దూ కవి, కమ్యూనిస్టు, నిజాం పాలన మీద తెలంగాణ రైతు చేసిన పోరాటంలో నాయకుడు. షోయబుల్లా ఖాన్ ఇక్కడి పట్టభద్రుడే. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక పెట్టి, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని చంపారు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు చాలాసేపు మాట్లాడరు. చంపినవాళ్లవీ, చనిపోయినవాడివీ ఒకేలాంటి పేర్లు. ఇక "మనోళ్లు" ఎవరు? ఆ ప్రశ్న వాళ్లే వేసుకుంటారు, నేను వేయనక్కర్లేదు.

1969, 2009 ఉద్యమాల గురించి ఎక్కువ చెప్పను, వాళ్ల ఇళ్లలోనే చూసినవాళ్లున్నారు. ఒక్కటే అంటాను. తెలంగాణవాడినని గట్టిగా అన్నవాళ్లెవరూ భారతీయుణ్ణి కానని అనలేదు. ఒక మనిషిలో ఊరు, భాష, మతం, రాష్ట్రం, దేశం ఒకదాన్నొకటి తోసుకోకుండా ఉండగలవు. 1940లో రామ్‌గఢ్ కాంగ్రెస్ సభలో అధ్యక్షుడిగా మౌలానా ఆజాద్ చెప్పింది ఇదే. ముస్లింనన్న గర్వం, భారతీయుణ్ణన్న గర్వం రెండూ నావే, ఏదీ వదలను అన్నారు.

తిరుగు నడకలో చిన్న ఆట ఆడతాం. రోజూ ప్రార్థన సమావేశంలో చెప్పే ప్రతిజ్ఞను రాసిందెవరు? నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో, తెలుగులో. దేశమంతా చెప్పుకునే మాట మన పక్క జిల్లా మనిషిది. చివర్లో అనే జైహింద్? దాన్ని నినాదంగా మలిచినవాడు నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణించిన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ అంటారు. టీచరు హాజరు తీసుకుంటారు, హాజరు అరబీ మాట. సర్కారు, కాగితం, జవాబు, రైతు అన్నీ అటు నుంచి వచ్చినవే. రైతు అనే మాట తీసేసి తెలుగులో వ్యవసాయం గురించి నాలుగు వాక్యాలు మాట్లాడమంటే పిల్లలు తడుముకుంటారు. అచ్చ తెలుగులో తొలి కావ్యమైన యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన్న అంకితమిచ్చింది కుతుబ్‌షాహీల కాలపు అమీన్ ఖాన్‌కు. సంస్కృత పదం లేని తెలుగు కావ్యానికి ఒక ఖాన్ గారు కృతిభర్త!

ఆ అబ్బాయి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. కిందటేడు నడకకు వాడే పిల్లల్ని వరస పెట్టి తీసుకొచ్చాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక చిన్నపిల్ల, "అన్నా, ఇది కట్టినోళ్లు ముస్లిమ్సా, హిందువులా?" అని అడిగింది. వాడు నా వైపు చూశాడు. నేను వినబడనట్టు దూరంగా చెట్టు వైపు తిరిగాను. "నమూనా బెల్జియం ఆయనది, డబ్బు నిజాం ఖజానాది, ఖజానాలోది రైతుల శిస్తు, రాయి ఈ నేలది. ఇప్పుడు నువ్వే చెప్పు" అన్నాడు.

ఈ ఏడు కూడా మౌలానా ఆజాద్ జయంతి నవంబరు 11 తర్వాత వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి తార్నాక చౌరస్తా నుంచి బయలుదేరతాం. దాతలు తమ పిల్లల్ని, మనవల్ని, వారి స్నేహితుల్ని ఏ మతం వారైనా సరే పంపవచ్చు. ఒక నీళ్ల సీసా, ఒక నోటు పుస్తకం తెచ్చుకుంటే చాలు.