ఎత్తు పెంచిన జీపు: షాఫ్టు కోణములు, స్టీరింగు

1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమునకు చేరెను. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటెను. ఆ రెండు పర్యాయములును కోనసీమ లంకలు నీట మునిగినవి. అంతటి వరద రాని సంవత్సరములలో సైతము కాజ్‌వేలు మునుగుట లంక గ్రామముల పంచాయతీలకు క్రొత్త కాదు. ఇట్టి దినములలో నాలుగు చక్రములును లాగెడి జీపు ఎక్కడ దొరకునా యని వెదకుదురు. సమాజ వికాస పథకము 1952లో కాకినాడ–పెద్దాపురము ప్రాంతమున ఆరంభమైన నాటినుండియు మన పల్లెలు జీపును ఎరుగును. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన పిమ్మట అది బి.డి.ఓ. గారి గుర్తుగానే నిలిచిపోయినది.

నీటిని, బురదను దాటవలెనని కొందరు యజమానులు జీపు ఎత్తును పెంచుచున్నారు. కమాన్ కట్టలకు అదనపు రేకులు చేర్చుట, పొడవైన షాకిళ్లు వేయుట, ఇరుసునకు కట్టకు నడుమ ఇనుప దిమ్మలు పెట్టుట ఇందుకు వాడుకలోనున్న పద్ధతులు. బండి చూచుటకు ఠీవిగా నుండును. కాని పైకి లేచునది చట్రము, బాడీ మాత్రమే. ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ గుండు ఎప్పటి ఎత్తుననే యుండును. దానిని లేపవలెనన్న పెద్ద టైర్లు వేయవలసినదే.

ఇంజను శక్తి గేరుపెట్టెనుండి ఇరుసునకు ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా చేరును. షాఫ్టు రెండు చివరలను క్రాస్ జాయింట్లు ఉండును. గేరుపెట్టె చట్రముతోపాటు పైకి పోయి, ఇరుసు క్రిందనే నిలిచినచో షాఫ్టు వాలు పెరుగును. ఉదాహరణకు అడ్డముగా 60 సెంటీమీటర్ల దూరమున షాఫ్టు 8 సెంటీమీటర్లు దిగుచున్నదనుకొనుడు. కోణము సుమారు ఏడున్నర డిగ్రీలు. బండిని 10 సెంటీమీటర్లు లేపిన దిగుడు 18 అగును, కోణము సుమారు 17 డిగ్రీలకు చేరును. షాఫ్టు పొడవుగా నున్న లారీలో ఇదే ఎత్తు ఇంత బాధ పెట్టదు. పొట్టి జీపులోనే చిక్కు అధికము.

క్రాస్ జాయింటు వంగి తిరుగునపుడు అవతలి షాఫ్టు ఒక్క తీరున తిరుగదు. ప్రతి చుట్టులో రెండు మారులు వేగము హెచ్చి, రెండు మారులు తగ్గును. ఏడున్నర డిగ్రీలకు ఈ తేడా నూటికి ఒకటికి లోపు, 17 డిగ్రీలకు నాలుగుకు పైన. రెండు జాయింట్ల కోణములు సమానమైనచో మొదటిదాని హెచ్చుతగ్గులను రెండవది సరిచేయును, చక్రములకు కుదుపు చేరదు. అయినను నడుమ షాఫ్టు మాత్రము అదరుచునే యుండును, క్రాసులు త్వరగా అరుగును. కొందరు మెకానిక్కులు వాలు తగ్గింపగోరి ఇరుసు క్రింద ఏటవాలు ముక్క పెట్టి డిఫరెన్షియల్ మూతిని పైకెత్తుదురు. అప్పుడు ఒక కోణము తగ్గి రెండవది అట్లే నిలుచును, సమానత్వము చెడి కుదుపు చక్రములకే చేరును. మూతి ఎత్తవలెనన్న గేరుపెట్టె వైపు జంట జాయింటు అమర్చుటయే సరియైన పని.

మరియొక సంగతి. పై లెక్కలో షాఫ్టు రెండు సెంటీమీటర్లకు పైగా సాగవలెను. అందులకై దానిలో జారెడి స్లిప్ జాయింటు ఉన్నది. బండి లేపిన పిదప ఆ పట్టు తగ్గును. చక్రము గోతిలో వ్రేలాడినపుడు షాఫ్టు విడిపోయినచో బండి నడిమార్గమున నిలిచిపోవును. బ్రేకు రబ్బరు గొట్టములు బిగిసి తెగు ప్రమాదమును ఇట్టిదే.

స్టీరింగు సంగతి ఇంతకన్న ముఖ్యము. స్టీరింగు పెట్టెనుండి చక్రములకు పోవు డ్రాగ్ లింకు సమతలముగా నున్నంతకాలము చక్రము ఎగిరినను దిశ అంతగా మారదు. ఎత్తు పెంచగా లింకు వాలిపోవును. అప్పుడు ప్రతి గోతిలోను, చోదకుడు చేయి కదపకున్నను బండి ఒక ప్రక్కకు లాగును. ఇక సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా నుండుటచేతనే అది తిన్నగా పోవుచున్నది గదా! జీపు ముందు ఇరుసుకును అట్టి వాలు కలదు. షాకిలు ఒక చివరనే పొడిగించిన ఇరుసు తిరిగి ఆ వాలు తగ్గవచ్చును. మలుపు తరువాత స్టీరింగు తనంతట తిరిగి రాదు. ముందు ఇరుసునకు దిమ్మలు పెట్టుట అసలే కూడదు, బ్రేకు వేసినపుడు ఆ తాకిడికి అవి తొలగవచ్చును. కాలువ గట్టు దారిలో ఇట్టి బండి ఎక్కినవారి గతి ఊహింపుడు.

గురుత్వ కేంద్రము పైకి పోవుటచే మలుపులలో బోల్తాపడు అవకాశమును హెచ్చును. ఎత్తున్నది గదా యని పారు నీటిలో దిగరాదు. సుమారు రెండడుగుల ప్రవాహము పెద్ద వాహనములను సైతము కొట్టుకొనిపోగలదు. అట్టి చోట నాటు పడవయే మేలు.

చట్టమును గమనింపదగినది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమునే దృఢపరచినది. కావున పంచాయతీ పనులకు బండిని కుదుర్చుకొనునపుడు రిజిస్ట్రేషన్ పత్రము చూడుడు. పిమ్మట క్రిందికి వంగి, షాఫ్టు ఏటవాలుగా నిటారై యున్నదేమో, డ్రాగ్ లింకు వాలినదేమో పరికింపుడు. ఖాళీ బండిని కొంత దూరము తోలించి, నేల క్రింద అదురు, స్టీరింగు లాగుడు ఉన్నవేమో తెలిసికొనిన పిమ్మటనే బాడుగ మాట్లాడుడు.