అతుకుల బొంత

ఒక పని పొందిక లేకుండా ఉన్నదని చెప్పడానికి తెలుగువారు 'అతుకుల బొంత' అనే మాట వాడుతుంటారు. నాలుగు చోట్ల నుంచి ఏరి కూర్చిన వ్యాసాన్నీ, భిన్నమైన పార్టీలు కలిసి ఏర్పరచిన ప్రభుత్వాన్నీ ఆ పేరుతో ఆక్షేపించడం పరిపాటి. బొంతను దగ్గరగా చూసినవారికి మాత్రం ఈ ఆక్షేపణ న్యాయమని తోచదు. చిరిగిన పది గుడ్డలను ఒక్కటిగా నిలిపి, ఏళ్ళ తరబడి చలికి అడ్డుగా నిలబెట్టడం పొందిక తెలియని చేతులకు సాధ్యమయ్యే పని కాదు. బొంతలో అతుకు ఎంత ముఖ్యమో, దానిని కుట్టే స్త్రీ దినచర్యలో చిన్న చిన్న విరామాలు అంత ముఖ్యం. ఇంటి బాధ్యతల మధ్య, తరచుగా చేసే ప్రయాణాల మధ్య ఒక అభిరుచి ఏ విధంగా నిలుస్తుందో తెలుసుకోవడానికి బొంత మంచి ఉదాహరణ.

బొంతకు మన సాహిత్యంలోనూ స్థానం ఉంది. సంస్కృతంలో దీనిని 'కంథ' అంటారు. భర్తృహరి నీతిశతకంలో కార్యసాధకుని లక్షణాలను వివరించే శ్లోకం ఒకటి ఉంది. దానిని ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యంగా మలచాడు. పని సాధించదలచినవాడు ఒకప్పుడు కటిక నేల మీద, మరొకప్పుడు పూలపాన్పు మీద నిద్రిస్తాడని, ఒకప్పుడు బొంత కప్పుకొని మరొకప్పుడు మేలైన వస్త్రాలు ధరిస్తాడని ఆ పద్యభావం. మూలంలోని 'కంథ'కు కవి 'బొంత' అనే అచ్చమైన తెలుగు మాటను ఎన్నుకొన్నాడు. ఆ పద్యంలో బొంత కష్టానికి గుర్తు. కాని బొంత కప్పుకొన్నవాని ఓర్పును చెప్పిన కావ్యాలు, ఆ బొంతను కుట్టినవారి ఓర్పును అంతగా పట్టించుకోలేదు. ఆ రెండవ ఓర్పును గురించి తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వికారాబాదు, తాండూరు పట్టణాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనివి. అంతకుముందు ఇవి రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. మూసీనదికి జన్మస్థానమైన అనంతగిరి కొండలు వికారాబాదుకు చేరువలో ఉన్నాయి. సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న తాండూరు నాపరాళ్ళకూ కందులకూ ప్రసిద్ధి. తాండూరు కందికి 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఈ ప్రాంతంలో తెలుగు పల్లెలతో పాటు లంబాడీ తండాలు ఎన్నో ఉన్నాయి. పల్లెలోనూ తండాలోనూ పాత బట్టలు పారవేయక బొంతగా మార్చుకోవడం చిరకాలపు అలవాటు. సరిహద్దు దాటితే కన్నడిగుల ఇళ్ళలో ఇదే వస్తువును 'కౌది' అంటారు. పేరు మారినా పనితనం ఒక్కటే.

బొంత తయారుచేసే పద్ధతిని గమనిస్తే అందులోని శాస్త్రీయత బోధపడుతుంది. ముందుగా పాత నూలు చీరలను, ధోవతులను శుభ్రంగా ఉతికి ఆరబెడతారు. పలుమార్లు ఉతికిన నూలుగుడ్డ మెత్తబడుతుంది కాబట్టి కొత్త గుడ్డ కన్నా పాతదే ఈ పనికి అనుకూలం. కొంత గట్టిగా ఉన్న చీరను అడుగున పరచి, దాని మీద చిరిగిన ముక్కలను సందు లేకుండా పేర్చి, పైన మరొక మంచి చీరను కప్పుతారు. అంచులు లోపలికి మడిచి, సూదిని పైకీ కిందికీ దూస్తూ వరుసగా కుట్లు వేస్తారు. వరుసకూ వరుసకూ మధ్య ఒకటి రెండు వేళ్ళ ఎడం ఉంటుంది. పొరల మధ్య చిక్కుకొన్న గాలి శరీరంలోని వేడిని బయటికి పోనీయదు. లోపలి ముక్కలు ఒక మూలకు జారిపోకుండా కుట్లు కాపాడతాయి. కుట్లు దగ్గరగా ఉన్నకొద్దీ బొంత మన్నిక పెరుగుతుంది. ఈ విధంగా వెచ్చదనానికి పొరలు, మన్నికకు కుట్లు ఆధారమవుతాయి.

ఇటువంటి పనికి సమయం ఎక్కడిది? సేద్యం చేసే కుటుంబంలో స్త్రీకి తీరిక అరుదు. ఈ ప్రాంతంలో కంది తొలకరి వానలకు విత్తి, డిసెంబరు, జనవరి నెలలలో కోస్తారు. యాసంగి పంటల పని కూడా ముగిసి ఎండలు ముదిరే వేళకు పొలంలో పని కొంత తగ్గుతుంది. ఉతికిన గుడ్డలు త్వరగా ఆరే కాలం కూడా అదే. అందువల్ల రాబోయే చలికాలానికి కావలసిన బొంతను వేసవిలోనే కుట్టుకోవడం అనుకూలంగా ఉంటుంది. ఆ వేసవిలో కూడా పూర్తి దినం చేతికి చిక్కదు. వంటకూ నీళ్ళకూ మధ్య ఒక గంట, బిడ్డ నిద్రపోయినప్పుడు అర గంట దొరుకుతుంది. ఇక్కడే బొంత ప్రత్యేకత కనిపిస్తుంది. మగ్గం మీద పని చేసే నేతగాడు మగ్గాన్ని విడిచి కదలలేడు. సారె మీద మట్టి పెట్టిన కుమ్మరి కుండ పూర్తి కాకుండా లేవలేడు. బొంత కుట్టే ఇల్లాలు బిడ్డ ఏడ్చిన మరుక్షణమే సూదిని గుడ్డలో గుచ్చి, బొంతను చుట్టి పక్కన పెట్టి లేవగలదు. మూడు రోజుల తరువాత వచ్చినా సూది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే పని మొదలవుతుంది. ఎన్నిసార్లు ఆగినా చెడిపోని పని కాబట్టే అది సంసారంలో ఇమిడిపోయింది.

పనికి చేతులు తోడు కావడం మరొక విశేషం. పెద్ద బొంతను పరచి పొరలు సరిచేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒక కొస అత్త పట్టుకొంటే మరొక కొస కోడలు పట్టుకోవాలి. చూపు మందగించిన అవ్వకు మనుమరాలు సూదిలో దారం ఎక్కించి ఇవ్వాలి. ఆ విధంగా పక్కన కూర్చొన్న పిల్లకు ప్రత్యేకంగా పాఠం చెప్పనక్కరలేకుండానే విద్య అబ్బుతుంది. పైగా ప్రతి ముక్కకూ ఒక చరిత్ర ఉంటుంది. తల్లి పెళ్ళిచీర అంచు, తాత ధోవతి, బిడ్డ తొలి గౌను ఒకే బొంతలో చేరి కుటుంబానికి జ్ఞాపకాల పుస్తకమవుతాయి. పుట్టిన బిడ్డను తాతమ్మల చీరల మీద పడుకోబెట్టడంలోని ఆప్యాయత వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ప్రయాణాల సంగతి. తరతరాలుగా ప్రయాణమే జీవనంగా సాగిన బంజారాల చరిత్ర ఇందుకు గొప్ప నిదర్శనం. లంబాడీలు, సుగాలీలు అని కూడా పిలువబడే వీరు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మొదలయిన సరుకులను దూరప్రాంతాలకు చేరవేసేవారు. దక్కనుకు తరలివచ్చిన మొగలు సేనలకు వీరు ధాన్యం అందించారు. పదిహేడవ శతాబ్దంలో భారతదేశంలో పర్యటించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎడ్లతో సాగే ఇటువంటి బిడారులను చూసి ఆశ్చర్యపోయాడు. ఆ మనుషులకు ఇళ్ళు లేవని, భార్యాబిడ్డలను వెంట తీసుకొని గుడారాలలో నివసిస్తారని వర్ణించాడు. అటువంటి జీవితంలో స్త్రీ చేతిపని ప్రయాణానికి అనువుగానే రూపుదిద్దుకొన్నది. సరుకుల సంచులు, ఎడ్లకు అలంకారాలు, గుడారంలో పరచుకొనే బొంతలు, నీళ్ళ కుండ కింద పెట్టుకొనే చుట్టకుదుళ్ళు వారు కుట్టుకొన్నారు. ఫేటియా, కాంచళి, టుక్రీ అనే తమ దుస్తులను అద్దాలతో, గవ్వలతో, రంగురంగుల గుడ్డముక్కలతో తీర్చిదిద్దుకొన్నారు. ఇందుకు సూది, దారం, గుడ్డముక్కలు ఉంటే చాలు. బిడారు ఎక్కడ ఆగితే అక్కడే పనిశాల. పని ముగిసిన వస్తువు కూడా ప్రయాణానికి పనికివచ్చేదే కావడం వల్ల కళ వారికి మోయవలసిన అదనపు బరువు కాలేదు.

1874లో వాడి నుంచి హైదరాబాదు వైపు తాండూరు, వికారాబాదుల మీదుగా రైలుమార్గం వచ్చింది. దేశమంతటా రైళ్ళు, రోడ్లు పెరిగినకొద్దీ ఎడ్ల మీద సరుకు మోసే వృత్తి క్షీణించింది. బంజారాలు క్రమంగా తండాలలో స్థిరపడి వ్యవసాయాన్ని, కూలిపనిని ఆశ్రయించారు. అయినా ప్రయాణం వారిని పూర్తిగా విడిచిపెట్టలేదు. తాండూరు, కొడంగల్ ప్రాంతాల నుంచి పని కోసం పూణె, ముంబై నగరాలకు వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. పూర్వం బిడారుల బతుకుతెరువును తగ్గించిన రైలుమార్గమే నేడు వారిని వలసకు తీసుకొనిపోతున్నది. ఊరు విడిచేవారి మూటలో వంటపాత్రలతో పాటు బొంత కూడా ఉంటుంది. తెలియని ఊరిలో పరచుకోవడానికి అంత నమ్మకమైన నేస్తం మరొకటి లేదు.

అయితే ఈ విద్య నేడు సన్నగిల్లుతున్నదని అంగీకరించాలి. కృత్రిమ నూలుతో నేసిన చీరలు చెమటను పీల్చవు, బొంతకు కావలసిన మెత్తదనాన్ని ఇవ్వవు. చవకగా దొరికే మిల్లు దుప్పట్లు బొంత అవసరాన్ని తగ్గించాయి. పని వెతుక్కొంటూ కుటుంబాలు విడిపోవడంతో అవ్వ పక్కన కూర్చొని నేర్చుకొనే అవకాశం పిల్లలకు తగ్గింది. ఇటువంటి విద్యను నిలబెట్టుకొన్న చోట్లు కూడా లేకపోలేదు. కర్ణాటకలోని బళ్ళారి జిల్లా సండూరులో లంబాడీ స్త్రీల కుట్టుపనికి 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జరిగిన జి-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా స్త్రీలు తయారుచేసిన 1,755 వస్తువులను ఒకే చోట ప్రదర్శించగా, అది గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పత్తి చేలలో పనిచేస్తూ, చిరిగిన పనిబట్టలతోనే బొంతలు కుట్టుకొన్నారు. చలి కోసం కుట్టుకొన్న ఆ బొంతలను 2002లో హ్యూస్టన్ నగరంలోని కళాప్రదర్శనశాల గోడలకు అలంకరించారు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో తపాలాబిళ్ళలు విడుదల చేసింది. పల్లె స్త్రీ చేతిపనిని కళగా గుర్తించడానికి లోకానికి ఇంత కాలం పట్టింది.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా ఆలోచించాలి. చిన్న చిన్న విరామాలలో బొంత కుట్టిన స్త్రీల నేర్పును మనం మెచ్చుకొంటాం. కాని ఆ నేర్పు ఎందుకు అవసరమయింది? తన కోసమని ఒక పూట కేటాయించుకొనే స్వేచ్ఛ వారికి లేకపోవడం వల్లనే గదా! ఇంటిలో ఒకరి అభిరుచికి పూట సమయం, మరొకరి అభిరుచికి మిగిలిపోయిన నిమిషాలు దక్కితే దానిని సమతౌల్యం అనలేం. బిడ్డను ఒక గంట సేపు తండ్రి ఎత్తుకొంటే, పొయ్యి దగ్గర ఒక పూట కొడుకు నిలబడితే, తల్లి చేతిలోని సూది ఆగకుండా సాగుతుంది. కుటుంబంలోని వారందరూ పనిని పంచుకొన్నప్పుడే ఒకరి ఇష్టం మరొకరికి భారం కాకుండా ఉంటుంది.

విద్యార్థులకు ఈ విషయం దూరమైనదేమీ కాదు. పల్లెల నుంచి వికారాబాదు, తాండూరు కళాశాలలకు రోజూ బస్సులలో, రైళ్ళలో వచ్చి వెళ్ళేవారు ఉన్నారు. సాయంత్రం ఇల్లు చేరగానే పశువుల పనో, తమ్ముడి చదువో వారి కోసం ఎదురుచూస్తుంటుంది. బొమ్మలు గీయడం, పాట నేర్చుకోవడం, కథలు రాయడం వంటి ఇష్టాలను 'తీరిక దొరికినప్పుడు చూద్దాం' అని వాయిదా వేయడం సులభం. బొంత కుట్టే స్త్రీలు అటువంటి తీరిక కోసం వేచి ఉండలేదు. పనిని చిన్న ముక్కలుగా చేసుకొన్నారు; ఎక్కడ ఆపారో గుర్తు పెట్టుకొన్నారు; వెంట తీసుకొని పోగలిగిన సాధనాలనే ఎన్నుకొన్నారు; పక్కనున్నవారిని పనిలో కలుపుకొన్నారు. ఈ నాలుగు పద్ధతులు ఏ అభిరుచికైనా వర్తిస్తాయి.

ఈ వేసవి సెలవులలో ఇంట్లోని పాత బొంతనొకదానిని ఎండలో పరచి చూడండి. అందులోని ముక్కలు ఎవరెవరి బట్టలో పెద్దలను అడిగి తెలుసుకోండి. కుట్లు ఎక్కడ సన్నగా ఉన్నాయో, ఎక్కడ దూరం జరిగాయో పరిశీలించండి. పిలుపు వచ్చి కుట్టేవారు లేచి వెళ్ళిన చోట్లు, నిశ్చింతగా కూర్చొన్న చోట్లు బహుశా ఆ కుట్లలోనే కనిపించవచ్చు. ఆపైన ఆ సూదిని అమ్మతో పాటు మీరూ పట్టుకోండి. లేదా ఆమె కుట్టుకొంటున్న పూట ఇంటిపనిని మీరు అందుకోండి.