బొంబాయి బతుకుల్లో వడా పావ్
మిల్లు కార్మికుల ఆకలి తీర్చిన తిండి – ఏ స్టేషను దగ్గర ఏ రుచి – రూపాయి పెరిగినా వలస కూలీకి బరువే

సిరిసిల్ల: బొంబాయి వెళ్లిన మనిషి లేని ఊరు పాత కరీంనగర్ జిల్లాలో అరుదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల నుంచి మగ్గం పని తెలిసిన కుటుంబాలు తరాలుగా అక్కడి బట్టల మిల్లులకు, ఆ పక్కనే ఉన్న భీవండి సాంచెలకు వలస పోయాయి. తాపీ పనికి, రంగుల పనికి పోయినవారూ తక్కువేమీ కాదు. గల్ఫ్ విమానం కోసం అక్కడ రోజుల తరబడి కాచుకున్నవారూ ఉన్నారు. 1995లో బొంబాయి పేరు ముంబైగా మారినా ఊళ్లలో పెద్దవారి నోట ఇప్పటికీ బొంబాయే. వీరందరికీ తెలిసిన తిండి ఒకటి ఉంది. అదే వడా పావ్.

చూడటానికి అది చాలా చిన్న తిండి. మెత్తని చిన్న రొట్టెను మధ్యకు చీల్చి, కారం చల్లి, వేడి వేడి ఆలుగడ్డ బజ్జీని అందులో పెట్టి నొక్కి ఇస్తారు. పళ్లెం అక్కరలేదు, కూర్చునే చోటు అక్కరలేదు. ఒక చేత్తో సంచి పట్టుకుని మరో చేత్తో తింటూ నడిచిపోవచ్చు. రెండు డబల్ రొట్టె ముక్కల మధ్య ఏదైనా పెట్టి తినే తిండిని సాండ్‌విచ్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో సాండ్‌విచ్ అనే బిరుదు ఉన్న ఒక ఇంగ్లీషు ప్రభువు వల్ల దానికి ఆ పేరు వచ్చింది. దొరల సాండ్‌విచ్‌కు బొంబాయి కూలీ జనం చెప్పిన జవాబు వడా పావ్ అనుకోవచ్చు.

దాదర్ స్టేషనులో పుట్టుక

వడా పావ్‌ను మొదట అమ్మిన వ్యక్తిగా ఎక్కువగా చెప్పే పేరు అశోక్ వైద్య. 1966లో ఆయన దాదర్ రైల్వే స్టేషను దగ్గర బటాటా వడ బండి పెట్టారు. మరాఠీలో బటాటా అంటే ఆలుగడ్డ. పక్కనే ఆమ్లెట్‌ను పావ్‌తో కలిపి అమ్మే బండి ఉండేదనీ, దాన్ని చూసి వడను కూడా పావ్‌లో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారనీ చెబుతారు.

దాదర్‌లోనే ఇది పుట్టడానికి కారణం ఉంది. బొంబాయిలో సెంట్రల్, వెస్టర్న్ రైలు మార్గాలు రెండూ కలిసే స్టేషను దాదర్. దాని చుట్టుపక్కల పరేల్, లాల్‌బాగ్, వర్లీ, ప్రభాదేవి ప్రాంతాల నిండా బట్టల మిల్లులే ఉండేవి. ఆ ప్రాంతాన్నంతా గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు అని పిలిచేవారు. మిల్లులు మూడు షిఫ్టులు నడిచేవి. షిఫ్టు మారే వేళ వేలమంది ఒకేసారి రోడ్డు మీదికి వచ్చేవారు. వారి చేతిలో ఉండేది కొద్ది నిమిషాల సమయం, కొద్ది పైసలు. ఆ రెండింటికీ సరిపోయేలా కుదిరిన తిండి ఇది.

మన ప్రాంతపు పద్మశాలీలు, ఇతర కార్మికులు కూడా ఈ మిల్లుల్లోనే పని చేశారు. అంతకు చాలా ముందే తెలుగు ప్రాంతాల నుంచి కట్టడాల పనికి వెళ్లిన కామాటీల పేరు మీదనే ఆ నగరంలో కామాటిపురా అనే పేట ఏర్పడింది. భీవండిలో పద్మనగర్ ఈనాటికీ తెలుగువారి పేటే.

భార్యాపిల్లలను ఊళ్లో వదిలి వెళ్లిన కార్మికులు ఒకే గదిలో పదిమంది చొప్పున ఉండేవారు. పగటి షిఫ్టువారు లేచి వెళితే రాత్రి షిఫ్టువారు వచ్చి అదే చోట పడుకునేవారు. వంటకు వీలుండేది కాదు. నెలకు ఇంత అని కట్టి ఖానావళిలో భోజనం చేసేవారు. ఖానావళి అంటే ఇంట్లోనే వండి కార్మికులకు అన్నం పెట్టే మెస్సు. వాటిని నడిపింది చాలావరకు మహిళలే. అప్పుల వాళ్ల పీడ తగ్గించి ఆ మహిళలను ఒక్కటి చేసేందుకు 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండల్ స్థాపించారు. ఖానావళి భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి తీర్చింది వడా పావ్. తిండి మీద మిగిల్చిన పైసలే మనీ ఆర్డరై ఊరికి వచ్చేవి. ఇక్కడ భార్య బీడీలు చుట్టిన కూలి, అక్కడ భర్త పొదుపు చేసిన పైసలు కలిస్తేనే ఇల్లు గడిచేది.

కల్లుతో పొంగిన రొట్టె

వడా పావ్‌లో పావ్ మన దేశపు రొట్టె కాదు. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసువారు తమ రొట్టెను అక్కడికి తెచ్చారు. వారి భాషలో రొట్టెకు ఉన్న పేరే పావ్ అయింది. పిండి పొంగడానికి ఈస్టు దొరకక గోవా రొట్టెలవాళ్లు తాటి జాతి చెట్ల కల్లు కలిపేవారు. ఆ పని నేర్చిన గోవా వాళ్లు బొంబాయి వచ్చి బేకరీలు పెట్టారు. తర్వాత ఇరానీలూ ఆ వ్యాపారంలోకి వచ్చారు. ఆలుగడ్డ, మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవే. ఈనాడు అచ్చమైన మరాఠీ తిండిగా పేరుపడిన వడా పావ్‌లో మూడు ముఖ్యమైన సరుకులు ఇలా బయటి నుంచి వచ్చినవే కావడం విశేషం.

చేసే తీరు మన బజ్జీల బండి వారికి కొత్తది కాదు. ఉడికించిన ఆలుగడ్డను మెదిపి, ఆవాలు, కరివేపాకు, పసుపు, అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చితో పోపు పెడతారు. నిమ్మకాయంత కాకుండా కాస్త పెద్ద ఉండలు చేసి, శనగపిండి జారులో ముంచి, కాగిన నూనెలో వేస్తారు. పావ్‌కు ఒకవైపు కొత్తిమీర చట్నీ, మరోవైపు పొడి కారం రాస్తారు. ఆ పొడి కారమే వడా పావ్‌కు ప్రాణం. ఎల్లిగడ్డ, కుడుక, ఎండుమిర్చి కలిపి దంచుతారు. అంటే మన ఇళ్లలో అన్నంలో కలుపుకునే ఎల్లిగడ్డ కారానికి దగ్గరి చుట్టమే. ఊరు విడిచి వెళ్లినవారికి అది అంత త్వరగా నోటికి నచ్చడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పక్కన ఉప్పు చల్లిన వేయించిన పచ్చిమిరపకాయ ఇస్తారు. దానికి వేరే డబ్బు తీసుకోరు.

ఎక్కడ ఏది రుచి

బొంబాయిలో వడా పావ్ దొరకని వీధి లేదు. అయినా కొన్ని చోట్లకు జనం వెతుక్కుంటూ వెళతారు. ప్రభాదేవిలో కీర్తి కాలేజీ దగ్గర ఉన్న అశోక్ వడా పావ్ అలాంటిది. ఈ అశోక్ వేరు, దాదర్ స్టేషను అశోక్ వైద్య వేరు. వడలు వేసేటప్పుడు నూనెలో రాలి కరకరలాడే శనగపిండి పలుకులను ఇక్కడ పావ్‌లో కలిపి పెడతారు. దాన్ని చూరా అంటారు. మన దగ్గర బజ్జీల బండి ముందు పిల్లలు అడిగి పెట్టించుకునే బూందీ పలుకుల్లాంటిదే అది.

పాతవారు వి.టి. అని పిలిచే ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ స్టేషనుకు ఎదురుగా ఆరామ్ అనే హోటల్ ఉంది. రైలు దిగి రోడ్డు దాటితే చాలు. ఠాణేలో గజానన్ వడా పావ్‌కు శనగపిండితో చేసే పసుపుపచ్చ చట్నీ వల్ల పేరు వచ్చింది. ఠాణే స్టేషను దగ్గరే ఉన్న కుంజ్‌విహార్‌లో వడ బాగా పెద్దది. ఒకటి తింటే పూట గడిచిందనుకోవచ్చు. భీవండి వెళ్లేవారు చాలామంది ఠాణే, కల్యాణ్ స్టేషన్లలో దిగుతారు గనుక ఠాణే రుచులు మన ప్రాంతం వారికి అందుబాటులోనివే.

ఇంటికి తిరిగి వచ్చే దారిలో కర్జత్ స్టేషనుది ప్రత్యేకత. బొంబాయి నుంచి పుణె వైపు వచ్చే రైళ్లు అక్కడి నుంచి భోర్ ఘాట్ ఎక్కాలి. ఒక్క ఇంజను చాలదు కనుక కర్జత్‌లో వెనక నుంచి నెట్టే ఇంజన్లు తగిలిస్తారు. ఆ కొద్ది నిమిషాల్లో ప్లాట్‌ఫారం మీద దివాడ్కర్ వారి వడా పావ్ కోసం కిటికీల దగ్గర చేతులు చాస్తారు. పుణె, షోలాపూర్ మీదుగా హైదరాబాద్ వచ్చేవారికి ఇది తెలిసిన సంగతే. నిజామాబాద్ మీదుగా వచ్చే దేవగిరి ఎక్స్‌ప్రెస్ మాత్రం మన్మాడ్ దారిన వస్తుంది కాబట్టి కర్జత్ తగలదు.

కాస్త డబ్బు చేతిలో ఉన్నవారికి అక్కడ అసలు సాండ్‌విచ్ బండ్లు కూడా ఉన్నాయి. ఆఫీసులు, కాలేజీల దగ్గర ఇవి ఎక్కువ. డబల్ రొట్టె ముక్కలకు వెన్న, పచ్చ చట్నీ రాసి, ఉడికించిన ఆలుగడ్డ, దోసకాయ, టమాట, బీట్‌రూట్, ఉల్లిగడ్డ చక్రాలు పేరుస్తారు. పిడి ఉన్న ఇనుప అచ్చులో బిగించి నిప్పుల మీద కాలుస్తారు. రుచి బాగుంటుంది గానీ కూలీ మనిషి రోజూ తినేది కాదు.

మిల్లులు మూతపడినా

1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల్లో సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు జీతాల పెంపు, బోనస్ కోసం పని ఆపారు. నెలలు గడిచాయి. రాజీ కుదరలేదు. సమ్మె విరమిస్తున్నామని ఎవరూ అధికారికంగా ప్రకటించలేదు గానీ కార్మికులు మాత్రం చెల్లాచెదురయ్యారు. 1983లో ప్రభుత్వం 13 మిల్లులను తన అధీనంలోకి తీసుకుంది. మిగిలినవి ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట ఇప్పుడు పెద్ద పెద్ద దుకాణాల మాల్ ఉంది.

మన ప్రాంతం వారిలో కొందరు సామాను సర్దుకుని ఊరికి వచ్చి సిరిసిల్లలో సాంచెల పనిలో చేరారు. మరికొందరు భీవండి వెళ్లారు. బొంబాయిలోనే ఉండిపోయిన కార్మికుల్లో అనేకులు ఒక పొయ్యి, ఒక మూకుడు సంపాదించి వడా పావ్ బండి పెట్టారు. నిన్నటిదాకా షిఫ్టు దిగి ఏ బండి ముందు నిలబడ్డారో, అదే బండి వెనక నిలబడవలసి వచ్చింది. అంతవరకు మిల్లుల పేటల తిండిగా ఉన్నది ఆ తర్వాత నగరమంతా మరింతగా పాకింది. 2001లో మొదలైన జంబోకింగ్ లాంటి కంపెనీలు దాన్ని అద్దాల దుకాణాల్లోకి తెచ్చాయి. హైదరాబాద్‌లో, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరున్న మన పట్టణాల్లో కూడా వడా పావ్ బండ్లు వెలిశాయి.

కట్టెల పొయ్యికి గడువు

2025లో పావ్‌కు కొత్త చిక్కు వచ్చింది. అప్పటికి బొంబాయిలో చాలా బేకరీలు కట్టెల పొయ్యి మీదే రొట్టె కాల్చేవి. పాత తలుపులు, కుర్చీలు విరగ్గొట్టిన చవక కట్టెలు కూడా అందులో వాడేవారు. పొగ వల్ల గాలి చెడిపోతున్నదని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు కట్టెలు, బొగ్గు వాడే బేకరీలు ఆరు నెలల్లో గ్యాసు వంటి వాటికి మారాలన్నది. పొగ తగ్గడం మంచిదే. ఆ బేకరీల్లో రాత్రంతా పని చేసేవారి ఊపిరికీ అది మేలే. అయితే పొయ్యి మార్చే ఖర్చు చివరికి పావ్ ధర మీదే పడుతుందని బేకరీల వారు అంటూ వచ్చారు.

ధర పెరిగితే ఏమవుతుందో వలస కూలీ లెక్క వేరు. వీధి బండి మీద వడా పావ్ పదిహేను రూపాయలు అనుకుంటే, రోజుకు రెండు తినే మనిషికి నెలకు తొమ్మిది వందలు అవుతుంది. ఒక్కోదాని మీద రెండు రూపాయలు పెరిగితే నెలకు నూట ఇరవై అదనం. ఊరికి పంపే డబ్బులో ఆ మేరకు కోత పడుతుంది. గదిలో బియ్యం, పప్పు తెచ్చి నలుగురు కలిసి వండుకునేవారికి ఈ బాధ కొంత తక్కువ.

వెళ్లేవారు గమనించవలసినవి

వడా పావ్ ఆకలి ఆపుతుంది గానీ అన్నానికి సాటి రాదు. అందులో ఉండేది మైదా, ఆలుగడ్డ, నూనె. రెండు పూటలూ దాంతోనే గడిపితే మనిషికి బలం రాదు. పప్పు, ఆకుకూర, గుడ్డు ఏదో ఒక పూట తప్పక తినాలి. రాత్రి షిఫ్టు చేసే కుర్రవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

బండి ఎంచుకునేటప్పుడు జనం ఎక్కువగా ఉన్నది, అప్పటికప్పుడు వడ వేసి ఇచ్చేది చూసుకోవాలి. నల్లబడిన నూనె, వాసన వచ్చే చట్నీ ఉంటే దాటిపోవడం మేలు. వానాకాలంలో పచ్చ చట్నీ కన్నా పొడి కారమే నయం. వేడి నూనె వస్తువులను పేపరు కాగితంలో చుట్టడం మంచిది కాదని, అచ్చు సిరాలోని రసాయనాలు తిండిలో కలుస్తాయని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. కాబట్టి బండివాడు పేపరు అందుకుంటే తెల్ల కాగితంలోనో ఆకులోనో ఇమ్మని అడగడానికి మొహమాట పడనక్కరలేదు. పేపరు చదువుకోవడానికే బాగుంటుంది.